ఈత కొలనులో పాచి: నైట్రేట్ తీయించాలా, క్లోరిన్ లెక్క సరిచూసుకోవాలా?

విశాఖపట్నం మధురవాడలో మా అపార్ట్‌మెంట్ పూల్ పోయిన అక్టోబరు వానల్లో నాలుగు రోజులకే పచ్చబడింది. మెట్ల మీద పాకుడు, గోడను తాకితే జిగురు. నీళ్లు పరీక్షకు పంపితే నైట్రేట్ (పాచికి ఎరువుగా పనిచేసే, నత్రజని ఉన్న ఉప్పు) లీటరుకు 62 మిల్లీగ్రాములని వచ్చింది. ఆ ఒక్క అంకె చూసి ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ఒకరు నీళ్లన్నీ తోడేసి ట్యాంకర్లతో నింపమన్నారు. ఒకరు నైట్రేట్‌ను లాగేసే పొడి ఉందన్నారు. ఇంకొకరు ఆర్‌ఓ యూనిట్ తెచ్చి నీళ్లు తిప్పుతామన్నారు. అసోసియేషన్ మీటింగులో నేను పొడికే ఓటు వేశాను. డబ్బా అయిపోయాక మళ్లీ పరీక్ష చేయిస్తే 60 వచ్చింది. పాచి అలాగే ఉంది.

ఆ తర్వాత కూర్చుని లెక్కలు వేసి, పరీక్షలు చేసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీ పూల్‌కీ ఇదే సమస్య వస్తే దేనికి డబ్బు పెట్టాలో, దేనికి అక్కర్లేదో తేల్చుకోవడానికి పనికొస్తుంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను. పూల్ పచ్చబడితే మొదటి రూపాయి క్లోరిన్, స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ పోకుండా ఆపే మందు) లెక్క మీద పెట్టండి. నైట్రేట్ సంగతి దాని తర్వాతే.

నైట్రేట్ పూల్‌లోకి ఎలా చేరుతుంది

అన్నిటికంటే పెద్ద దారి బోరు. చుట్టూ సెప్టిక్ ట్యాంకులు, పశువుల పాకలు, ఎరువులు వేసే తోటలు ఉన్నచోట భూగర్భ జలంలోకి నైట్రేట్ దిగుతుంది. ఆనందపురం, తగరపువలస వైపు ఫామ్‌హౌస్ పూల్స్‌ను బోరు నీళ్లతో నింపేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. నైట్రేట్ నీళ్లలో పూర్తిగా కరిగిపోయే ఉప్పు. ఇసుక ఫిల్టరు దాన్ని ఆపలేదు. క్లోరిన్‌తో పోదు. ఎండకు నీళ్లు ఆవిరైపోతాయి గానీ నైట్రేట్ పూల్‌లోనే ఉండిపోతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.3 మీటర్ల లోతున్న పూల్‌లో 65 వేల లీటర్లు పడతాయి. ఎండాకాలంలో రోజుకు అర సెంటీమీటరు నీరు తగ్గిందనుకుంటే అది 250 లీటర్లు. ఆ లోటును 40 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్న బోరు నీళ్లతో పూడిస్తే రోజుకు 10 గ్రాముల నైట్రేట్ కొత్తగా చేరుతుంది. వంద రోజులకు అది కిలో. అంటే ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా ఫిబ్రవరి మధ్య నుంచి మే చివరికి పూల్‌లో నైట్రేట్ లీటరుకు 15 మిల్లీగ్రాములు పైకి పోతుంది.

మిగతావి పచ్చికకు వేసే ఎరువు, కొలను మీదుగా ఎగిరే పావురాలు, కాకుల రెట్టలు, రాలిన ఆకులు, చెమట, చిన్నపిల్లల మూత్రం. ఎరువు విషయంలో మాత్రం ఒక మాట చెప్పాలి, మా పూల్ పాడవడంలో దానికీ చెయ్యుంది. మా గార్డెన్ పూల్ కంటే ఎత్తులో ఉంటుంది. మధురవాడ అంతా కొండవాలే కదా. వానకు ముందు రోజు పచ్చికకు యూరియా చల్లారు. రాత్రి వాన కురిసి అది కొట్టుకొచ్చి పూల్‌లో పడింది. యూరియాలో 46 శాతం నత్రజని. 100 గ్రాముల యూరియా పడితే అందులోని 46 గ్రాముల నత్రజనిని వదిలించుకోవడానికి సుమారు 350 గ్రాముల క్లోరిన్ ఖర్చవుతుంది. 65 వేల లీటర్ల పూల్‌లో అది 5 పీపీఎం (లీటరుకు 5 మిల్లీగ్రాములు) పైమాటే. రోజూ 2 పీపీఎం దగ్గర నడిపే పూల్‌లో ఒక పిడికెడు ఎరువు క్లోరిన్‌ను సున్నా చేసేయగలదన్న మాట. క్లోరిన్ యూరియాను ఎక్కువ భాగం నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తుంది, నైట్రేట్‌గా మిగిలేది కొంచెమే. అంటే ఎరువు చేసే అసలు నష్టం నైట్రేట్ పెంచడం కాదు, పాచిని అడ్డుకునే క్లోరిన్‌ను తినేయడం.

62 అంకెకూ 30 అంకెకూ పాచికి తేడా తెలుస్తుందా?

మా పూల్ చూసుకునే ఆయనది భీమిలి దగ్గర పల్లె. ఇప్పటికీ ఊళ్లో కొంచెం వరి పండిస్తాడు. పొడి డబ్బా చేతిలో పట్టుకుని నన్నడిగాడు, "ఎరువేస్తే పాచి పెరుగుతాది బాబూ, నిజమే. మరి సగం ఎరువు తీసేస్తే పాచి పోద్దా?" అప్పుడు నేను సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను. పోదు.

పాచికి నైట్రేట్ ఆహారమే, అందులో అనుమానం లేదు. కానీ దానికి కావాల్సింది చాలా తక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము కూడా లేని నీళ్లలోనే చాలా రకాల నాచు హాయిగా పెరుగుతుంది. ఇంట్లో ఒక బస్తా బియ్యం ఉన్నా మూడు బస్తాలు ఉన్నా నలుగురు తినేది అంతే కదా. 62 నుంచి 30కి దింపడమంటే మూడు బస్తాలను ఒకటిన్నర చేయడం. ఆకలితో మాడ్చాలంటే గింజ లేకుండా చేయాలి, పూల్‌లో అది అయ్యే పని కాదు.

ఒకవేళ అయినా చాలదు. వరి పొలాల్లో అజొల్లా, నీలి ఆకుపచ్చ నాచు ఎందుకు వేస్తారో మన రైతులకు తెలుసు. ఆ నాచు గాలిలోని నత్రజనినే పట్టి ఎరువుగా మార్చుకుంటుంది. పూల్ గోడలకు మొండిగా పట్టే నల్ల పాచి కూడా ఈ కుటుంబంలోదే. ఆ కుటుంబంలో గాలి నుంచి నత్రజని తీసుకోగలిగే రకాలున్నాయి కాబట్టి నీళ్లలో నైట్రేట్ లేదని ధీమాగా ఉండలేం.

ఇంకో అపోహ కూడా తేల్చేద్దాం. "నైట్రేట్ ఎక్కువైతే క్లోరిన్ నిలవదు" అని మాకు గట్టిగా చెప్పారు. నైట్రేట్ అప్పటికే పూర్తిగా ఆక్సీకరణం చెందిన పదార్థం, క్లోరిన్‌తో దానికి ఇక పనేమీ ఉండదు. క్లోరిన్‌ను తినేవి అమ్మోనియా, నైట్రైట్, యూరియా, చచ్చిన ఆకులు, పెరుగుతున్న పాచి. పాచి మొదలైన పూల్‌లో క్లోరిన్ నిలవకపోవడం, అదే నీళ్లలో నైట్రేట్ ఎక్కువ ఉండడం రెండూ ఒకేసారి కనిపిస్తాయి. అందుకే జనం ఒకదానికి ఒకటి కారణమనుకుంటారు.

అసలు చూడాల్సిన జంట అంకెలు

ఎండలో క్లోరిన్ నిలవడానికి వాడేది సయాన్యూరిక్ యాసిడ్. దీన్నే పూల్ వాళ్లు స్టెబిలైజర్ అంటారు. అది లేకపోతే మన ఎండకు గంటలోపే సగం క్లోరిన్ పోతుంది. అయితే అదే స్టెబిలైజర్ క్లోరిన్‌ను పట్టి ఉంచుతుంది కూడా. అది ఎక్కువైన కొద్దీ నీళ్లలో క్లోరిన్ ఉన్నట్టు కనిపిస్తుంది గానీ పాచిని చంపే బలం తగ్గుతుంది. నేను పాటించే కొలత ఏంటంటే, స్టెబిలైజర్ ఎంత ఉంటే అందులో కనీసం ఏడున్నర శాతం ఫ్రీ క్లోరిన్ (ఇంకా దేనితోనూ కలిసిపోని క్లోరిన్) ఉండాలి. స్టెబిలైజర్ 40 ఉంటే క్లోరిన్ కనీసం 3. స్టెబిలైజర్ 100 ఉంటే కనీసం 7.5.

ఇక్కడే మేము మోసపోయాం. మేము వాడేది ట్రైక్లోర్ బిళ్లలు. అవి 10 పీపీఎం క్లోరిన్ ఇచ్చినప్పుడల్లా 6 పీపీఎం స్టెబిలైజర్ కూడా కలుస్తుంది. రోజుకు 2 పీపీఎం చొప్పున నెలంతా వాడితే స్టెబిలైజర్ 36 పెరుగుతుంది. నాలుగు నెలలకు 140 దాటిపోతుంది. మా కిట్‌లో 100 తర్వాత గీతలే లేవు, అందుకే ప్రతిసారీ "100" అని రాసుకున్నాం. సగం పూల్ నీరు, సగం కుళాయి నీరు కలిపి చూసి, వచ్చిన అంకెను రెట్టింపు చేస్తే 160. క్లోరిన్ 2. స్టెబిలైజర్ 160 ఉన్న పూల్‌కు క్లోరిన్ 12 కావాలి. యూరియా పడకముందే మా పూల్ పాచికి సిద్ధంగా ఉందన్నమాట.

మీ పూల్‌లో పాచి మొదలైందో లేదో కంటికి కనబడకముందే తెలుసుకోవచ్చు. చీకటి పడ్డాక ఫ్రీ క్లోరిన్ చూసి రాసుకోండి. ఆ రాత్రి ఏమీ కలపకండి. తెల్లవారుజామున ఎండ పడకముందే మళ్లీ చూడండి. రాత్రి ఎండ లేదు కాబట్టి క్లోరిన్ పోవడానికి వేరే దారి లేదు. 1 పీపీఎం కంటే ఎక్కువ తగ్గిందంటే ఏదో తింటోంది. ఆ పరీక్షలో బాగుంటే నైట్రేట్ 60 ఉన్నా టెన్షన్ పడక్కర్లేదు. ఒక జాగ్రత్త, చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చే చవక కిట్ ఫ్రీ క్లోరిన్‌నూ కలిసిపోయిన క్లోరిన్‌నూ విడదీసి చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ కొనుక్కోండి.

ఇప్పుడు దారులు ఒక్కొక్కటీ

ముందు నైట్రేట్ తీసేస్తామనే పొడులు, ద్రావణాలు. క్లోరిన్ వేసిన పూల్‌లో పొడి వేసి నైట్రేట్‌ను అడుగుకు దింపే రసాయనం లేదు, ఎందుకంటే నైట్రేట్ లవణాలు దాదాపు అన్నీ నీళ్లలో కరిగిపోతాయి. బ్యాక్టీరియాతో నైట్రేట్‌ను వాయువుగా మార్చవచ్చు, కానీ ఆ బ్యాక్టీరియాకు క్లోరిన్ పడదు. కాబట్టి ఈ దారిని నేను పూర్తిగా కొట్టేస్తున్నాను.

ఆర్‌ఓ, అయాన్ ఎక్స్ఛేంజ్ (నైట్రేట్‌ను పట్టుకునే రెసిన్ గుళికల గుండా నీళ్లు పంపడం) రెండూ నిజంగా నైట్రేట్ తీస్తాయి. అయాన్ ఎక్స్ఛేంజ్ రెసిన్‌ను ఉప్పునీళ్లతో మళ్లీ మళ్లీ కడగాలి, ఆర్‌ఓలో కొంత నీరు వృథాగా బయటికి పోతుంది. అపార్ట్‌మెంట్ పూల్‌కు ఇంత ఖర్చు పెట్టాల్సిన పరిస్థితి నాకు కనిపించదు. చుట్టుపక్కల మంచి నీటి వనరే లేని, సముద్రం పక్కన ఉప్పు బోరు మీదే బతికే పెద్ద రిసార్టుకైతే ఆలోచించవచ్చు. అక్కడ కూడా తాగునీటి కోసం, ఉప్పు తీయడం కోసం పెట్టే యూనిట్‌తో కలిపి చూసుకోవాలి గానీ పాచి కోసం మాత్రమే కాదు.

ఫాస్ఫేట్ (భాస్వరం ఉన్న ఉప్పు) తీసే మందు కథ వేరు. లాంథనమ్ అనే లోహం ఉన్న ద్రావణం ఫాస్ఫేట్‌ను పట్టి అడుగుకు దింపుతుంది, నీళ్లు ఒకటి రెండు రోజులు పాలలా మసకబారతాయి, ఆ మడ్డి ఫిల్టరులో పేరుకుంటుంది, బ్యాక్‌వాష్ చేస్తే (ఫిల్టరులో నీళ్లు వెనక్కి తిప్పి కడిగితే) పోతుంది. పాచికి నత్రజనితో పాటు భాస్వరం కూడా కావాలి, పైగా భాస్వరాన్ని గాలి నుంచి తెచ్చుకోలేదు. కాబట్టి పాచిని ఆకలికి గురిచేయాలనుకుంటే నైట్రేట్ కంటే ఫాస్ఫేట్ వెంట పడడం తెలివైన పని. కానీ ఇది రెండో వరుస రక్షణే. ఊరెళ్లినప్పుడు వారం రోజులు ఎవరూ చూసుకోని ఫామ్‌హౌస్ పూల్‌కు బాగా ఉపయోగపడుతుంది. పచ్చగా ఉన్న పూల్‌లో పోస్తే మాత్రం డబ్బు నీళ్లపాలు. పాచిని చంపాక వేయాలి.

పాచి మందుల్లో రాగి కలిసినవి గోడలకు మరకలు చేస్తాయి, తెల్లజుట్టు పచ్చబడుతుంది. మా పూల్‌కు పొద్దున్నే ఈతకొచ్చే పెద్దవాళ్లు ఎక్కువ, అందుకే వద్దన్నాం. చవక క్వాట్ (క్వాటర్నరీ అమ్మోనియం) మందులు నురగ తెస్తాయి. పాలీక్వాట్ 60 ఈ రెండు బాధలూ పెట్టదు, పాచి రాకుండా ముందుగా వాడటానికి మంచిది.

ఇక నీళ్లు మార్చడం. నైట్రేట్ తగ్గించడానికి మామూలు పూల్‌కు నిజంగా పనిచేసే దారి ఇదొక్కటే. దీని అసలు లాభం మాత్రం స్టెబిలైజర్ కూడా తగ్గడం. స్టెబిలైజర్ 100 దాటినప్పుడు ఎలాగూ నీళ్లు మార్చాల్సిందే, నైట్రేట్ దానితో పాటు దిగిపోతుంది. అందుకే నా సలహా: నైట్రేట్ ఒక్కటే ఎక్కువుంటే నీళ్లు మార్చకండి, రెండూ ఎక్కువుంటే మార్చండి.

మార్చే ముందు పోసే నీళ్లను పరీక్షించండి. 62 ఉన్న పూల్‌లో సగం తీసి 40 ఉన్న బోరు నీళ్లు పోస్తే 51 దగ్గర ఆగుతుంది. మా కుళాయి నీళ్లలో 4 వచ్చింది. నగరానికి మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి లాంటి జలాశయాల నుంచి వచ్చే నీళ్లు కాబట్టి జనావాసాల మధ్య ఉన్న బోర్ల కంటే సాధారణంగా నైట్రేట్ తక్కువే. కానీ మే నెలలో పక్క వీధిలో బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడినప్పుడు మన ఈత కోసం 30 వేల లీటర్ల తాగునీరు పోయించడం నాకు మనసొప్పదు. దానికి బదులు వానాకాలంలో డాబా నీళ్లు పట్టండి. 200 చదరపు మీటర్ల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 10 వేల లీటర్లు వస్తాయి. రెట్టలు, దుమ్ము కొట్టుకుపోయేలా మొదటి పావుగంట నీటిని వదిలేసి తర్వాతి నీటిని మళ్లించాలి. వాన నీళ్లలో కాల్షియం, ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం) తక్కువ కాబట్టి నింపాక ఆ రెండూ చూసుకోవాలి.

ఎట్టి పరిస్థితిలోనూ వానల్లో పూల్ మొత్తం ఖాళీ చేయకండి. భూగర్భ జలం పైకి వచ్చి ఉన్నప్పుడు ఖాళీ తొట్టి కింద నుంచి ఒత్తిడికి పైకి లేచి పగలొచ్చు. సాగర్‌నగర్ లాంటి తీరం పక్క ప్రాంతాల్లో, ఫైబర్ గ్లాస్ పూల్స్‌లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. సగం, ఆ తర్వాత మళ్లీ సగం, అలా మార్చుకోండి. తీసిన నీళ్లను క్లోరిన్ పోయేదాకా రెండు మూడు రోజులు ఎండలో ఉంచి పచ్చికకు పెట్టొచ్చు, అందులోని నైట్రేట్ మొక్కలకు ఎరువే. ఉప్పు ఎక్కువగా ఉన్న పూల్ నీళ్లు మాత్రం మొక్కలకు వద్దు.

ఏ క్లోరిన్ వాడాలి

బిళ్లలు తేలిక, కానీ స్టెబిలైజర్ పెంచుతాయి. కాబట్టి ఎప్పుడూ వాడటానికి కాదు, ఊరెళ్లేటప్పుడు వాడటానికి. కాల్షియం హైపో (కాల్షియం హైపోక్లోరైట్) గుళికలు స్టెబిలైజర్ పెంచవు, కాల్షియం పెంచుతాయి, బోరు నీళ్లు ఇప్పటికే గట్టిగా ఉన్నచోట తెల్ల పొర కడుతుంది. లిక్విడ్ క్లోరిన్, అంటే సోడియం హైపోక్లోరైట్, ఏ అవశేషాన్నీ పెద్దగా మిగల్చదు, కొద్దిగా ఉప్పు తప్ప. మన వేడికి క్యాన్‌లో ఉండగానే బలం తగ్గుతుంది, అందుకే వారానికి సరిపడా మాత్రమే తెప్పించి నీడలో పెడుతున్నాం. మా ఎంపిక ఇదే. బ్లీచింగ్ పౌడర్ చవకే గానీ అడుగున సున్నం తెట్టు మిగులుతుంది, పూల్‌కు నేను వద్దంటాను. బిళ్లలనూ కాల్షియం హైపోనూ ఒకే డబ్బాలోనో, ఒకే ఫీడర్‌లోనో కలిపితే మండి పేలే ప్రమాదం ఉంది. యాసిడ్‌ను క్లోరిన్ పక్కన పెట్టకండి, కలిస్తే విషవాయువు వస్తుంది. మీ దగ్గర పనిచేసే కుర్రాడికి ఇది ఒకసారి కాదు, నెలనెలా చెప్పండి.

మేము చివరికి ఏం చేశాం

సగం నీళ్లు మార్చాం. స్టెబిలైజర్ 80కి దిగింది, నైట్రేట్ 34కి. పంపు రాత్రింబవళ్లు నడిపి, గోడలు రోజూ బ్రష్ చేసి, క్లోరిన్‌ను స్టెబిలైజర్‌లో 40 శాతం, అంటే 32 దగ్గర నిలబెట్టాం. ఈత పూర్తిగా బంద్. ఐదో రోజు రాత్రి పరీక్షలో క్లోరిన్ తగ్గింది 1 లోపే. నీళ్లు తేటపడ్డాయి, అడుగున ఉన్న గీత స్పష్టంగా కనిపించింది. క్లోరిన్ మామూలు స్థాయికి దిగాకే పిల్లల్ని దించాం.

ఆ తర్వాత ఎండాకాలమంతా లోటును బోరు నీళ్లతోనే పూడ్చాం, మేకి నైట్రేట్ మళ్లీ 45 అయింది. పాచి రాలేదు. క్లోరిన్ 6 కంటే కిందికి ఒక్క రోజు కూడా పోనివ్వలేదు. మా పూల్ చూసుకునే ఆయన ఇప్పుడు గార్డెనర్‌తో ముందే మాట్లాడుకుని, ఎరువు వేసే రోజు వాన సూచన ఉందో లేదో చూసుకుంటాడు. పచ్చిక వాలు చివర ఒక చిన్న కాలువ తవ్వించాం, వాన నీరు పూల్‌కు రాకుండా.

నైట్రేట్ పరీక్ష చేయించాలనుకుంటే రెండు విషయాలు గుర్తుంచుకోండి. క్లోరిన్ ఉన్న నీళ్లు స్ట్రిప్‌ల రంగును తప్పు చూపిస్తాయి, నమూనాలో ముందు క్లోరిన్‌ను తటస్థం చేయాలి. ఇక ల్యాబ్ రిపోర్టులో అంకె "నైట్రేట్"గా ఉందో, "నైట్రేట్ నత్రజని"గా ఉందో చదవండి. రెండోదైతే 4.43తో గుణించాలి. అక్కడ 14 అని ఉంటే మా 62తో సమానం.

బోరు నీళ్లు పరీక్షించినప్పుడు 45 దాటిందంటే పూల్ గురించి కాదు, వంటింటి గురించి ఆలోచించండి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములే హద్దు. పసిపిల్లల పాలపొడి కలపడానికి ఆ నీళ్లు అసలు వాడకూడదు, వాళ్ల రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితి రావచ్చు. మరిగిస్తే నైట్రేట్ పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. మా బ్లాక్‌లో రెండు ఇళ్లలో పసిపిల్లలున్నారు, బోరు నీళ్ల రిపోర్టు కాపీ మొదట వాళ్లకే ఇచ్చాం.